చమురు తినే బ్యాక్టీరియాకు పేటెంటు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో చదువుకుంటూ, పరిశోధనలు చేస్తూ ఉన్న తెలుగు పిల్లలు ఇవాళ చాలామంది ఉన్నారు. పేటెంటు, అంటే కనిపెట్టినదాన్ని కొంతకాలం ఇతరులు వాడుకోకుండా ఆపే హక్కు, అన్న మాట వాళ్ల ఇళ్లలో తరచుగా వినబడుతుంది. కొత్తగా ఏది కనిపెట్టినా పేటెంటు వస్తుందా? అమెరికా చట్టం దేనికి ఇస్తుంది, దేనికి ఇవ్వదు? ఈ ప్రశ్నకు ఒక శాస్త్రవేత్త కథ చెబితే సగం జవాబు దొరుకుతుంది.

ఆయన ఆనంద మోహన్ చక్రవర్తి. బెంగాల్‌లోని సైంథియాలో పుట్టారు. 1970ల తొలినాళ్లలో న్యూయార్క్ రాష్ట్రంలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేశారు. సముద్రంలో ముడి చమురు ఒలికితే శుభ్రం చేయడం ఎలా అన్నది ఆయన ముందున్న సమస్య. ముడి చమురు ఒకే పదార్థం కాదు, హైడ్రోకార్బన్లు అనే అనేక కర్బన, హైడ్రోజన్ పదార్థాల మిశ్రమం. ఒక్కోదాన్ని విడగొట్టగల బ్యాక్టీరియాలు ప్రకృతిలో వేరువేరుగా ఉన్నాయి. కానీ వాటన్నిటినీ కలిపి వదిలితే వాటిలో అవే పోటీపడతాయి. ఆ విడగొట్టే శక్తి ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్ఏ వలయాల్లో ఉంటుంది. చక్రవర్తి నాలుగు రకాల ప్లాస్మిడ్లను ఒకే బ్యాక్టీరియాలో చేర్చి నిలబెట్టారు. అలాంటి జీవి అంతకుముందు ఈ భూమి మీద లేదు.

1972లో పేటెంటుకు దరఖాస్తు వెళ్లింది. అందులో హక్కు కావాలని అడిగినవి మూడు రకాలు. ఒకటి, ఆ బ్యాక్టీరియాను తయారుచేసే పద్ధతి. రెండు, నీటి మీద తేలే గడ్డి లాంటి పదార్థంతో కలిపిన బ్యాక్టీరియా. మూడు, ఆ బ్యాక్టీరియాయే. పేటెంటు కార్యాలయ పరిశీలకుడు మొదటి రెండూ ఒప్పుకున్నారు, మూడోది కాదన్నారు. నాకు ఈ కేసులో బాగా గుర్తుండిపోయింది ఆ గడ్డే. గడ్డితో కలిపితే పేటెంటు ఉంది, గడ్డి తీసేస్తే లేదు! ప్రాణమున్న దానికి పేటెంటు ఇవ్వరాదని పేటెంటు కార్యాలయం వాదన.

వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980 జూన్ 16న తీర్పు వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులు చక్రవర్తి పక్షం, నలుగురు ఎదురు పక్షం. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాసిన ఆ తీర్పులో ప్రశ్నే మారిపోయింది. ప్రాణం ఉందా లేదా అని అడగవద్దు. ప్రకృతి చేసిందా, మనిషి చేశాడా అని అడగండి అన్నారు. అడవిలో దొరికిన కొత్త మొక్కకు పేటెంటు లేదు. భూమిలో దొరికిన కొత్త ఖనిజానికి లేదు. ఐన్‌స్టీన్ తన సూత్రానికి పేటెంటు అడగలేడు, న్యూటన్ గురుత్వాకర్షణకు అడగలేడు. ఈ బ్యాక్టీరియాను మాత్రం ప్రకృతి చేయలేదు, మనిషి చేశాడు.

ప్రకృతి చేసిందా, మనిషి చేశాడా? ఈ ఒక్క ప్రశ్న గుర్తుంచుకుంటే తర్వాతి తీర్పులు కూడా అర్థమవుతాయి. రొమ్ము క్యాన్సర్ ముప్పును తెలిపే బీఆర్‌సీఏ జన్యువులను శరీరం నుంచి వేరుచేసి చూపినంత మాత్రాన పేటెంటు రాదని 2013లో అదే కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ప్రయోగశాలలో కృత్రిమంగా రూపొందించిన డీఎన్ఏకు మాత్రం రావచ్చని చెప్పింది. మన తల్లుల, అక్కచెల్లెళ్ల ఒంట్లో ఉన్న జన్యువు ఏ కంపెనీ సొత్తూ కాకూడదు. నా మటుకు నాకు అది న్యాయమైన తీర్పు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఒక మాట. ఎప్పటినుంచో ఉన్న ఒక ఆలోచనను తీసుకుని, కంప్యూటర్ మీద నడిపిస్తున్నాం అంటే సరిపోదని 2014లో అదే కోర్టు తీర్పు ఇచ్చింది.

చట్టం పేర్కొన్న వర్గాలు నాలుగే: ప్రక్రియ, యంత్రం, తయారుచేసిన వస్తువు, పదార్థాల కూర్పు. వీటిలో ఒకదాని కిందికి వచ్చినంత మాత్రాన చాలదు. అది కొత్తదై ఉండాలి, ఉపయోగపడాలి, ఆ రంగం తెలిసినవారికి ఇట్టే తట్టేది కాకూడదు. పసుపు సంగతి మీరు వినే ఉంటారు. 1995లో అమెరికా పేటెంటు ఇచ్చింది పసుపుకు కాదు, పసుపుతో గాయం మాన్పే పద్ధతికి. అది కొత్తది కాదని మన దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, ప్రచురితమైన వ్యాసాలు చూపించింది. 1997లో పేటెంటు రద్దయింది.

ఆ కొత్తదనం దగ్గరే మన పిల్లలు జాగ్రత్తగా ఉండాలి. ఆవిష్కరణ మీదే అయినా, మీరే ముందుగా బయటపెడితే అది పాతదైపోవచ్చు. పత్రికలో వ్యాసం వేసినా, సదస్సులో పోస్టరు పెట్టినా, అమ్మకానికి పెట్టినా లెక్కలోకి వస్తుంది. మీరు బయటపెట్టిన నాటి నుంచి దరఖాస్తు చేసుకోవడానికి అమెరికా చట్టం ఒక్క ఏడాది గడువు ఇస్తుంది. ఐరోపాలో ఆ వెసులుబాటు దాదాపు లేనట్టే. అందువల్ల ముందు దరఖాస్తు, తర్వాతే ప్రసంగం.

పూర్తి దరఖాస్తు సిద్ధంగా లేకపోతే తాత్కాలిక దరఖాస్తు అని ఒకటి ఉంది. దాన్ని వేసిన పన్నెండు నెలల్లోగా పూర్తి దరఖాస్తు వేయాలి. తాత్కాలికం అన్నారు కదా అని రెండు పేజీలతో సరిపెట్టవద్దు. ఆ రంగంలో పనిచేసే మరొకరు చదివి, అలాగే తయారుచేయగలిగేంత వివరంగా రాయండి. అందులో లేని వివరానికి ఆ తాత్కాలిక దరఖాస్తు వేసిన తేదీ వర్తించదు.