24 అంగుళాల చైన్‌సా మిల్లు రివ్యూ: పెరట్లో దుంగను పలకలుగా కోయడానికి ఏ మేరకు పనికొస్తుంది?

నమస్తే అండీ. గాలివానకు వేప చెట్టు పడితే దుంగను కోత మిల్లుకు తోలడం మామూలే. కానీ విజయవాడలో రోడ్డు పక్క చెట్లకు బోర్డులు కొట్టిన మేకులు లోపలే ఉండిపోతాయి. బ్లేడు పోతుందని చాలా మిల్లుల్లో అలాంటి దుంగ ముట్టుకోరు. అలాంటి వాటికే ఈ చైన్‌సా మిల్లు, అంటే గొలుసు రంపానికి బిగించి దుంగ మీద నడిపే లోహపు చట్రం. మేకు తగిలితే గొలుసు పళ్లు మాత్రమే పోతాయి, ఆకురాయితో మళ్లీ పదును పెట్టుకోవచ్చు.

పేరుకు 24 అంగుళాలే గానీ, 24 అంగుళాల బార్ (గొలుసు తిరిగే పొడవాటి పట్టీ) బిగిస్తే కోతకు దొరికేది సుమారు 20. రెండు చివర్ల బిగింపులు మిగతాది తినేస్తాయి. బార్ ముక్కున ఉండే చిన్న చక్రం మీద మాత్రం క్లాంప్ పడకూడదు. పడితే గొలుసు బిగుసుకుపోతుంది.

ఇంజిన్ సంగతి. మార్కెట్లో చవగ్గా దొరికే 58 సీసీ రంపం 12, 14 అంగుళాల మామిడికి సరిపోతుంది. నల్లతుమ్మ చేవ దగ్గర మూలుగుతుంది. దానికి 70 సీసీ పైన ఉండాలి. ప్రతి కోత అయ్యాక ఒక నిమిషం ఐడిల్‌లో తిరగనివ్వండి, వేడి మీద టక్కున ఆపకండి.

గొలుసు మార్చకపోతే డబ్బులు దండగ. రంపంతో వచ్చే గొలుసు పళ్లు అడ్డకోతకు 30 డిగ్రీల్లో ఉంటాయి. నిలువుకోతకు 10 డిగ్రీల రిప్పింగ్ గొలుసు కావాలి. పొట్టు పిండిలా సన్నబడి పొగ వస్తోందంటే పదును పోయినట్టు. అప్పుడు బలంగా నెట్టకండి, బార్ వేడెక్కి కోత పక్కకు లాగుతుంది.

మొదటి కోతే అసలు పని. దుంగ మీద సమతలం ఉండదు కదా, అందుకని వంపు లేని అల్యూమినియం నిచ్చెనను స్క్రూలతో బిగించి, దాని మీద మిల్లు నడపాలి. స్క్రూ కొనలకూ గొలుసుకూ కనీసం అరంగుళం ఎడం ఉంచండి. ఇక్కడ చూడండి, మిల్లు రెయిలుకూ (నిచ్చెన మీద జారే పట్టీ) బార్‌కూ మధ్య దూరాన్ని రెండు చివర్లా టేపుతో కొలుస్తున్నాను. ఒక చివర తక్కువుంటే పలక ఒక అంచున పలచగా వస్తుంది. ఆ దూరాన్ని పట్టి ఉంచే ఈ నట్లు అదురుకు వదులవుతాయి, స్ప్రింగ్ వాషర్లు వేయండి. ఈ మోడల్‌లో నాకు నచ్చనిది ఇదే, కొత్త డబ్బాలో అవి ఉండవు. కోత సగం దాటాక వెనకాల సందులో చెక్క చీలలు (వెడ్జ్‌లు) కొట్టండి, లేకపోతే పైపలక బార్ మీద కూర్చుంటుంది.

నష్టం కూడా చెప్పాలి. ఒక్కో కోతకు 8 మిల్లీమీటర్ల చెక్క పొట్టవుతుంది. పది కోతలకు మూడు అంగుళాలు పైనే పోయినట్టు. అంగుళం పలకలే కావాలంటే బ్యాండ్‌సా (పట్టీ రంపం) ఉన్న కోత మిల్లు మేలు. దీంతో రెండంగుళాల పలకలు కోయండి, బల్లలకూ బెంచీలకూ బాగుంటాయి. దుంగ నట్టనడుమ ఉండే మెత్తటి దవ్వ పలకలో ఉండనివ్వకండి, పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది.

కోసిన రోజే దుంగ చివర్లకు మైనమో మందంగా పాత పెయింటో పూయాలి. నీడలో, నేలకు అడుగు ఎత్తున, అంగుళం మందం ఎండు పుల్లలను ఒకటిన్నర అడుగుకొకటి మధ్యన పెట్టి పలకలు పేర్చండి. పైన బరువు పెట్టండి. మే నెల వడగాడ్పు సూటిగా తగిలితే పైపొర ముందే ఎండి బిగుసుకుంటుంది, లోపల తడి ఉంటుంది, అప్పుడే నెర్రెలు వస్తాయి. గాలివాటం వైపు గోనె కట్టండి. మామిడి అయితే పచ్చిగా ఉండగానే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు కొట్టండి, పురుగు తెల్ల చెక్కనే పడుతుంది. ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని లెక్క. తేమ కొలిచే పిన్ మీటరు పైపైన కాదు, చివర కొంచెం కోసి ఆ కొత్త ముఖం మీద పెట్టండి. 12, 14 శాతం వస్తేనే చిత్రిక పట్టండి.

చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 కింద అనుమతి తీసుకోండి. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పొగ మీ వైపు రాకుండా గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి కోయండి.

మేకులున్న దుంగలు, వీధిలోకి లారీ రాని చోటు, 18 అంగుళాల లోపు లావు అయితే తీసుకోండి. ఏడాదికి ఒకటో రెండో మంచి దుంగలు దొరికేవాళ్లు కోత మిల్లుకే వెళ్లండి.