చంకలో డిస్కు పెట్టుకుని ఊరంతా వెతక్కండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట మారతహళ్లి ట్రాఫిక్‌లో పడి ఇంత దూరం వచ్చారంటే, మీ ఇంట్లోనూ మంచం కింద ఒక పాత కంప్యూటర్ మూలుగుతోందన్నమాట. ఇలాంటివాటిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి మన ఊళ్ల బడులకు పంపుదామని కదా అనుకున్నాం. తీరా కూర్చుంటే దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ సగం దాకా వచ్చి, డిస్కే లేదు పొమ్మంటుంది. చాలామంది అక్కడితో డిస్కు చచ్చిందని తేల్చేస్తారు.

నేనూ అలాగే తేల్చేశాను. ఒక ఆఫీసువాళ్లు వదిలించుకుంటున్న డెస్క్‌టాప్ తెచ్చుకున్నాను. ఇన్‌స్టాలర్‌లో డిస్కుల జాబితా ఖాళీ. కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు పరిగెత్తి రెండు వేలు పోసి కొత్తది కొన్నాను, పాతదాన్ని బీరువా మీద పడేశాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇలాంటప్పుడు స్క్రూడ్రైవర్ కంటే ముందు ఒక ప్రశ్న తీయాలి. డిస్కు ఎవరికి కనబడటం లేదు? కంప్యూటర్ వెలగ్గానే అన్నిటికంటే ముందు లేచే బయాస్‌కా, లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌కా, ఇన్‌స్టాలర్‌కా?

బయాస్‌లోనే పేరు లేకపోతే లినక్స్‌ను తిట్టి లాభం లేదు. డబ్బా విప్పి కరెంటు కేబుల్, డేటా కేబుల్ రెండూ పీకి మళ్లీ గుచ్చండి. వెడల్పాటి పట్టీలాంటి 40 పిన్నుల పాతకాలం ఐడీఈ కేబుల్ అయితే జంపర్లు, అంటే డిస్కు వెనక పిన్నుల మీది చిన్న తొడుగులు చూడండి. ఆ డిస్కు మాస్టరా, అంటే మొదటిదా, స్లేవా, అంటే రెండోదా అని చెప్పేవి అవే. ఒకే కేబుల్ మీద ఇద్దరు మాస్టర్లుంటే ఇద్దరూ పలకకపోవచ్చు. వయా వీటీ8237 చిప్ ఉన్న పాత బోర్డులకు ఇంకో జబ్బు ఉంది. ఐడీఈ తర్వాత సన్న కేబుల్‌తో వచ్చిన రకం సాటా. సెకనుకు 3 గిగాబిట్ల సాటా డిస్కు పెడితే వేగం దగ్గర రాజీ కుదరక అసలు గుర్తించవు. డిస్కు వెనక జంపర్ ఉంటే దాన్ని 1.5కు దించాలి.

మదర్‌బోర్డు మీది బిళ్ల సెల్లునూ మరిచిపోవద్దు. సీఆర్2032, 3 వోల్టులు. అది అయిపోతే, ప్లగ్గు తీసినప్పుడల్లా బయాస్ మీరు పెట్టినవన్నీ మరిచిపోతుంది. డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతిని సాటా మోడ్ అంటారు, ఏహెచ్‌సీఐ అందులో మామూలుది. నిన్న ఏహెచ్‌సీఐలో పెట్టిన సాటా మోడ్ ఇవాళ ఇంకోదానికి మారి ఉంటుంది. గడియారం ఏళ్ల వెనక్కి పోయిందంటే అనుమానమే అక్కర్లేదు, సెల్లు మార్చండి.

బయాస్‌లో ఉంది, అయినా ఇన్‌స్టాలర్‌కు లేదు. అప్పుడు లినక్స్ నేరుగా నడిచే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, టెర్మినల్‌లో డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) అని కొట్టండి. అక్కడ కనబడేది మీ పెన్‌డ్రైవే కావచ్చు, సైజు చూసుకోండి. అక్కడ కూడా డిస్కు లేకపోతే డీమెసేజ్ (dmesg) కొట్టి కెర్నల్ సందేశాలు చదవండి. మరీ పాతవి కాని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సాటా మోడ్ రెయిడ్‌లో, అంటే డిస్కులను జత కట్టి ఒకటిగా వాడే పద్ధతిలో ఉంటే, ఎన్‌వీఎంఈ అనే కొత్తరకం వేగమైన డిస్కు దాని వెనక దాక్కుంటుంది. ఏహెచ్‌సీఐకి మార్చమని కెర్నలే ఆ సందేశాల్లో రాసి పెడుతుంది, మనమే చదవం. అందులో విండోస్ కూడా కావాలనుకుంటే మాత్రం తొందరపడొద్దు. ముందు దాన్ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి అప్పుడు మార్చాలి, లేకపోతే నీలం తెర చూపించి కూర్చుంటుంది.

ఇక నా బీరువా డిస్కు. ఏడాది తర్వాత దుమ్ము దులిపి మళ్లీ తగిలిస్తే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో నిక్షేపంలా కనబడింది! ఇన్‌స్టాలర్ మాత్రం మళ్లీ లేదనే అంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. డిస్కు మీది ముద్రలు చూపే వైప్‌ఎఫ్‌ఎస్ (wipefs) అని కొట్టి, పక్కన డిస్కు పేరిచ్చి చూస్తే ఒక వరుసలో ఐఎస్‌డబ్ల్యూ రెయిడ్ మెంబర్ (isw_raid_member) అని వచ్చింది, అంటే ఇంటెల్ రెయిడ్ జట్టులో సభ్యుడని. ఆ ఆఫీసులో రెండు డిస్కులను రెయిడ్‌గా జత కట్టి వాడారు. జంట విడిపోయినా ఆ ముద్ర పోలేదు. ఇన్‌స్టాలర్ దాన్ని చూసి, ఇది విడి డిస్కు కాదులే అని పక్కన పెట్టేసింది. ఆ ముద్ర డిస్కు చివర్లో ఉంటుంది కాబట్టి, ఫార్మాట్ చేశామనుకున్నా అది పోదు.

వైప్‌ఎఫ్‌ఎస్‌కు హైఫన్ ఏ (-a) జోడిస్తే ముద్రలన్నీ పోతాయి, డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్‌తో సహా. డిస్కు బిజీ అంటే ముందు ఆ రెయిడ్‌ను ఆపాలి. పాత యజమానికి అందులో ఫైళ్లేమైనా కావాలేమో అడగకుండా మాత్రం ఎంటర్ కొట్టొద్దు.

ఆ బీరువా డిస్కే ఇప్పుడు ఈ బల్ల మీది డబ్బాలో ఉంది. సాటా కేబుల్ కావాలనే కొంచెం వదులుగా పెట్టాను. ముందు వరసలో ఒకరు రండి, ఎఫ్2 నొక్కి బయాస్ తెరుద్దాం. వెనక కూర్చున్నవాళ్లు ఆ లైటు ఆపేస్తారా, తెర కనబడటం లేదు.