ఏమీ తెలియని పిల్ల, అన్నీ తెలిసిన మనిషి

అందరికీ నమస్కారం.

జీన్ ఆవుల్ రాసిన ఆరు మంచుయుగపు నవలల గురించి ఇవాళ మాట్లాడతాను. ఈ పుస్తకాలు నాకు మొదట దొరికింది విజయవాడలో ఒక అద్దె పుస్తకాల షాపులో. రెండో భాగం, ‘ది వ్యాలీ ఆఫ్ హార్సెస్’, చేతిలోకి తీసుకుంటే చాలు, నాలుగైదు చోట్ల తనంతట తనే తెరుచుకునేది. ఆ పేజీలు మాసిపోయి, మెత్తబడిపోయి ఉండేవి. ఎందుకో ఇక్కడున్న పెద్దవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. గుర్రప్పిల్లను మచ్చిక చేసుకునే అధ్యాయం మాత్రం కొత్త నోటులా పెళపెళలాడుతుండేది. ఒకే పుస్తకాన్ని జనం ఎన్ని రకాలుగా చదువుతారో చూడాలంటే సమీక్షలు అక్కర్లేదు, అద్దె పుస్తకం అంచులు చూస్తే చాలు.

రచయిత్రి జీన్ ఆవుల్. 1936లో షికాగోలో పుట్టి, అమెరికాలోనే ఆరెగన్‌లో స్థిరపడ్డారు. ఐదుగురు పిల్లల తల్లి. ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేస్తూ నలభయ్యో ఏట ఎంబీఏ పూర్తి చేశారు. ఆ తర్వాత ఉద్యోగం మానేసి, మంచుయుగంలో ఒక అమ్మాయి కథ రాద్దామని కూర్చున్నారు. కూర్చున్నారు అన్నానుగానీ ఆవిడ కూర్చోలేదు. చెకుముకి రాయి చెక్కడం నేర్చుకున్నారు, తోళ్ళు పదును చేయడం నేర్చుకున్నారు, మంచులో తవ్విన గుహలో ఓ రాత్రి పడుకుని చూశారు. మొదటి నవల ‘ది క్లాన్ ఆఫ్ ద కేవ్ బేర్’ 1980లో వచ్చింది. ఆరోది, చివరిది, 2011లో. మొత్తం ముప్పై ఒక్క సంవత్సరాలు. కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి.

మొదటి పుస్తకం గొప్పదని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆరోది చదివి పుస్తకం విసిరికొట్టినవాళ్ళు కోకొల్లలు. మధ్యలో ఎక్కడ చెడిందన్న దగ్గరే తగాదా. మూడో భాగంలో ముక్కోణపు ప్రేమ మొదలైనప్పుడు అంటారు కొందరు. నాలుగో భాగంలో డాన్యూబ్ నది వెంబడి నడుస్తూ దారిలో కనబడిన ప్రతి గడ్డికీ చరిత్ర చెప్పినప్పుడు అంటారు ఇంకొందరు. శృంగారం ఎక్కువైందని కొందరి గోల. అమెరికాలో స్కూలు లైబ్రరీల నుంచి తీసేయమని ఫిర్యాదులు కూడా వచ్చాయి. నిజం చెప్పాలంటే అదేమంత పెద్ద విషయం కాదు. ఆ సన్నివేశాల్లో ఉన్న లోపం అసభ్యత కాదు, అవన్నీ ఒకేలా ఉండటం.

నా లెక్క వేరు. ఇష్టపడేవాళ్ళు మెచ్చుకునేదీ, విసుక్కునేవాళ్ళు తిట్టేదీ ఒకే వస్తువు. మూలికలు, రాతి పనిముట్లు, వంట, వేట, వీటి వివరాలు. మొదటి పుస్తకంలోనూ అవే, ఆరో పుస్తకంలోనూ అవే. మరి అక్కడ ఊపిరి బిగబట్టి చదివించినవే ఇక్కడ ఆవులింత ఎందుకు తెప్పిస్తున్నాయి?

మొదటి పుస్తకం గుర్తు చేసుకోండి. భూకంపంలో అమ్మానాన్నలు పోయిన ఐదేళ్ళ పిల్ల అయ్లా. గుహ సింహం పంజా తొడ మీద నాలుగు గాట్లు పెట్టింది. ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉన్న ఆ పిల్లను ఇజా అనే నియాండర్తల్ వైద్యురాలు ఎత్తుకుంది. నియాండర్తల్‌లంటే ఒకప్పుడు యూరప్‌లో బతికి అంతరించిపోయిన వేరే మానవజాతి. ఇజాకు మూలికల విద్య పుట్టుకతోనే వచ్చింది. నవలలో వాళ్ళ జాతికి పూర్వీకుల జ్ఞాపకాలు నెత్తుట్లోనే ఉంటాయి, ఒకసారి గుర్తు చేస్తే చాలు. అయ్లా మనలాంటి మనుషుల పిల్ల, ఆమెకు ఆ జ్ఞాపకాల్లేవు. కాబట్టి ప్రతి ఆకునూ, ప్రతి వేరునూ చెప్పిందే చెప్పించుకుని బట్టీ పట్టాలి. తను పోయాక ఈ పిల్లకు విద్య తప్ప మరో దిక్కు లేదని ఇజాకు తెలుసు. అందుకే అక్కడ ఒక ఆకు పేరు వస్తే మనకు గుండె దడదడలాడుతుంది. ఈ పిల్ల నేర్చుకోగలదా లేదా అని.

వడిసెల సంగతీ అంతే. ఆ తెగలో ఆడది ఆయుధం ముట్టుకోకూడదు. పెద్దాయన జౌగ్ కుర్రాడికి నేర్పుతుంటే అయ్లా చాటుగా చూసి, పారేసిన వడిసెల తీసుకుని, ఎవరూ లేని చోట రాయి తర్వాత రాయి విసురుతుంది. చివరికి హైనా ఒక పసివాణ్ణి ఎత్తుకుపోతుంటే అందరి ముందూ విసరాల్సి వచ్చింది. బిడ్డ బతికాడు. అయ్లాకు ఒక నెల మరణశాపం పడింది. ఆ నెలంతా తెగ దృష్టిలో ఆమె చచ్చిపోయినట్టే, ఎదురుగా నిలబడ్డా ఎవరూ చూడరు. ఒక్క విద్యకు కట్టిన ఖరీదు అది.

రెండో భాగం నుంచి అయ్లా నిప్పురాయి కనిపెట్టింది. గుర్రమెక్కింది. సింహాన్ని పెంచింది. మూడో భాగంలో కన్నమున్న సూది, తోడేలు పిల్ల. ఇవన్నీ ఒక్క మనిషి చేతుల మీదుగానేనా అని పాఠకులు నవ్వుతారు. గుర్రాన్ని మనిషి మచ్చిక చేసుకున్న ఆధారాలు ఆరేడు వేల ఏళ్ళకు మించి వెనక్కి పోవు, కథాకాలం సుమారు 30,000 ఏళ్ళ కిందట. అయినా నాకు అభ్యంతరం అది కాదు. నవలకు ఆ మాత్రం చనువు ఇవ్వాలి. అయ్లా కనిపెట్టిన కొద్దీ ఖరీదు తగ్గిపోతూ వచ్చింది, అదీ బాధ. నాలుగో భాగానికి ఆమెకు అన్ని మూలికలూ తెలుసు. తెలిసినావిడ ఆకు కోస్తుంటే మనకేం టెన్షన్? అదే జాబితా, కానీ నేర్చుకునే పిల్ల లేదు.

ఐదో భాగం ‘ది షెల్టర్స్ ఆఫ్ స్టోన్’. అయ్లా ప్రేమించిన జోండలార్ ఆమెను తన ఊరికి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ నైరుతి మూలకు తీసుకొస్తాడు. ఇక పరిచయాలు మొదలు. ఫలానా గుహవాడు, ఫలానా అమ్మకు పుట్టినవాడు, ఫలానా పొయ్యికి చెందినవాడు. అయ్లా వంతు వస్తే ఏ తెగ దత్తపుత్రికో, ఏ జంతువు ఆత్మ కాపాడుతోందో, గుర్రాలూ తోడేలుతో సహా అంతా చెప్పాలి. మన పెళ్ళిలో ప్రవర చదివినట్టే! ప్రవర ఒకసారి వింటే నిండుగా ఉంటుంది. భోజనాల దగ్గర కూడా పంతులుగారు వచ్చి మళ్ళీ మొదలుపెడితే?

ఇక్కడ రచయిత్రి పక్షాన ఒక మాట అనాలి. నాలుగో భాగం 1990లో వస్తే ఐదోది 2002లో వచ్చింది. పన్నెండేళ్ళు ఆగిన పాఠకుడికి పాత కథ గుర్తు చేయాలిగా. వారపత్రిక సీరియల్‌కు ‘జరిగిన కథ’ వేసినట్టు. కానీ ఇవాళ ఆరూ వరసపెట్టి చదివేవాడికి అది నరకం. ఒకరికి అవసరమైన పునరుక్తే మరొకరికి శిక్ష. ఆరో భాగంలో మాత్రం నేను కూడా సమర్థించలేను. భూమాత పాట మళ్ళీ మళ్ళీ, గుహ తర్వాత గుహ, చివర్లో మూడో భాగంలో చూసిన అపార్థాలూ అసూయలే ఇంకోసారి. బిడ్డ పుట్టుకలో మగవాడికీ పాత్ర ఉందని అయ్లా చాటిచెప్పేది ఈ భాగంలోనే. ‘నా బిడ్డ’ అనే మాట మగవాడి నోట మొదటిసారి వస్తే లోకం ఎలా మారిపోతుంది! దాని మీదే ఒక పుస్తకం రాయొచ్చు. గుహల సందర్శనం కింద నలిగిపోయింది.

సైన్సు తప్పులంటారు కొందరు. ఉన్నాయి. నియాండర్తల్‌లు సరిగా మాట్లాడలేరని అప్పట్లో ఒక వాదం ఉండేది, అందుకే ఆవిడ వాళ్ళకు సైగల భాష ఇచ్చారు. 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో దొరికిన నియాండర్తల్ గొంతు ఎముక మన ఎముకలాగే ఉంది. వాళ్ళు సుమారు 40,000 ఏళ్ళ కిందటే, అంటే కథాకాలానికి ముందే, అంతరించారని ఇప్పటి లెక్క. అయ్లా బంగారు జుట్టు, నీలి కళ్ళ మీద అభ్యంతరం నాకు ఇంకా న్యాయంగా తోస్తుంది. ఆ కాలపు యూరప్‌లో మనలాంటి మనుషులు ఎక్కువగా నల్లటి ఛాయవాళ్ళే అయి ఉంటారని డీఎన్ఏ చెబుతోంది.

కానీ మొదటి పుస్తకంలోని క్రెబ్‌ను మర్చిపోకండి. ఒంటికన్ను, మోచేతి దాకా పోయిన చెయ్యి, కుంటికాలు, ఆ తెగకంతటికీ గురువు. ఇరాక్‌లోని షానిదార్ గుహలో 1950లలో రాల్ఫ్ సొలెకీ తవ్వితే అలాంటి అస్థిపంజరమే బయటపడింది. అన్ని దెబ్బలతో అంతకాలం బతికాడంటే ఎవరో చూసుకుని ఉండాలి. ఆ ఎముకల నుంచే ఆవిడ క్రెబ్‌ను లేపి నిలబెట్టారు. అయ్లాకు లెక్క నేర్పబోయి, తను ఏళ్ళ తరబడి కష్టపడి అందుకున్నది ఆ పిల్ల ఆటలా దాటిపోవడం చూసి ముసలాయన బిత్తరపోయే చోటు నేను ఇప్పటికీ తీసి చదువుకుంటాను. తన జాతికి ఇక చోటు లేదని ఆయనకు అర్థమవుతుంది. పైకి అనడు.

ఇక పాఠకులంతా ఏకమయ్యే ఫిర్యాదు ఒకటుంది. దుర్క్ ఏమయ్యాడు? రెండు జాతులకూ పుట్టిన అయ్లా కొడుకు. మొదటి పుస్తకం చివర తల్లిని వెళ్ళగొడతారు, వాడు అక్కడే ఉండిపోతాడు. ఎప్పటికైనా కలుస్తారని జనం ముప్పై ఏళ్ళు ఎదురుచూశారు. కలవలేదు.

1980లో ఆ బిడ్డ ఒట్టి ఊహ. 2010లో జన్యుశాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం నియాండర్తల్ జన్యుపటం విడుదల చేసి, ఆఫ్రికా బయటి మనుషులందరిలో వాళ్ళ వాటా కొంచెం ఉందని తేల్చింది. అంటే ఈ హాల్లో కూర్చున్న మనలోనూ. 2002లో రొమేనియాలోని ఒక గుహలో పెద్ద పెద్ద దవడ పళ్ళతో ఒక మనిషి దవడ ఎముక దొరికింది. 2015లో దాని డీఎన్ఏ చదివితే, అతనికి నాలుగు నుంచి ఆరు తరాల వెనక ఒక నియాండర్తల్ పూర్వీకుడు ఉన్నట్టు తేలింది. ఆ వార్త చదివిన రోజు నేను అటక మీద నుంచి మొదటి పుస్తకం దించి, చివరి పేజీలు మళ్ళీ చదివాను. దుర్క్ అమ్మకోసం చేతులు చాచి ఏడుస్తూనే ఉన్నాడు.

ఆరో భాగం బాగా నచ్చినవాళ్ళు ఈ హాల్లో ఇద్దరున్నారని నాకు తెలుసు. మైకు ముందు వాళ్ళకే ఇవ్వండి.