రేవు దాటే ఆనప గింజ

శ్రోతలకు నమస్కారం.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠలోంచి మళ్లీ వైనతేయ. ఇలాంటి చోట పెరటి విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే సంఘం పెట్టుకున్నవాళ్లు మొట్టమొదట చేసే పొరపాటు, మండలానికొక కార్యకర్తను వేయడం. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ మన వైపు దూరం లెక్క కిలోమీటర్లలో కాదు, రేవుల్లో. నరసాపురం రేవులో నిలబడితే అవతల సఖినేటిపల్లి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, నడిస్తే కాసేపటి పని. వరదకి పంటు ఆగిందా, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాల్సిందే. అందుకని రేవుకి ఇవతల ఒకరు, అవతల ఒకరు ఉండాలి. ఒక్కొక్కరికి పది పన్నెండు ఇళ్లు చాలు. గింజలన్నీ జూన్ నెలలోనే రేవు దాటించేయాలి. జులై వచ్చాక గోదారి మన మాట వినదు.

సంఘం పుస్తకంలో వీళ్లని సమన్వయకర్తలని రాసుకుంటారు. ఊళ్లో అయితే 'గింజలావిడ' అనేస్తారు, నాకూ ఆ మాటే నచ్చుతుంది. ఆవిడకి జీతం లేదు. కావలసినవి ఒక నోటు పుస్తకం, కాగితం కవర్లు, ఫోను.

మిగతా కూరగాయల సంగతి పక్కన పెట్టి ఒక్క ఆనపకాయ, అదే సొరకాయ, సంగతి చెప్పుకుందాం. ఆనప తెలిస్తే ఆ నోటు పుస్తకం ఎందుకో తెలుస్తుంది.

కాయ తొడిమ ఎండి, పెంకు గట్టిపడి, ఊపితే గింజలు గలగలలాడేదాకా పాదు మీదే ఉంచాలి. గింజలు తీసి నీడన ఆరబెట్టాలి. పటుక్కున విరిగితే ఆరినట్టు, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. మన గాలిలో చెమ్మ ఎక్కువ గనక, తడి గింజని ప్లాస్టిక్ కవర్లో కడితే బూజే. పంచేముందు పది గింజలు తడిగుడ్డలో మూటగట్టి వారం చూడాలి. ఎనిమిది మొలిస్తే పంచవచ్చు. ఆరు కూడా రాకపోతే ఆ కాయ గింజలు పక్కన పెట్టేయాలి.

ఇంటికి ఐదు గింజలు లెక్కన ఒక్క కాయ గింజలు ఎన్నో ఇళ్లకి సరిపోతాయి. మంచి కాయైతే అది సుఖమే. చేదు కాయైతే?

ఆనప పువ్వు సాయంత్రం విచ్చుతుంది. రాత్రి పురుగులు ఆ పాదు పుప్పొడి ఈ పాదుకి మోస్తాయి. దగ్గర్లో దొడ్డిగోడ మీద చేదు సొర ఒకటి పాకి ఉంటే, దాని పుప్పొడి మీ పువ్వులో పడవచ్చు. చిక్కెక్కడంటే, ఆ ఏడు మీ కాయ కమ్మగానే ఉంటుంది. చేదు గింజలో దాక్కుంటుంది. మళ్లీ ఏడు, ఆ గింజ నాటిన వాళ్లింట్లో, రేవు అవతల బయటపడుతుంది. ఈత నేర్చుకునే పిల్లల నడుముకి కట్టడానికి చేదు బుర్రయినా ఒకటే. కూరకి మాత్రం కాదు. ఆ చేదు ఉడికించినా పోదు. తింటే వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తపు వాంతి. అలా అయితే ఇంటి వైద్యం వద్దు, ఆస్పత్రికే వెళ్లాలి.

అందుకే విత్తనానికి ఉంచే పిందె విషయంలో గింజలావిడ ముందే చెప్పాలి. రేపు విచ్చబోయే మగ మొగ్గకీ, ఆడ మొగ్గకీ ముందే కాగితం సంచీ తొడగాలి. మర్నాడు సాయంత్రం చేత్తో పుప్పొడి అద్ది, ఆడపువ్వుకి మళ్లీ సంచీ తొడిగి, తొడిమకి రంగుదారం కట్టాలి. పిందె నిలబడ్డాక సంచీ తీసేయొచ్చు, దారం మాత్రం తీయకూడదు.

కవరు మీద మూడే మూడు: కాయ నంబరు, ఇచ్చిన ఇంటి నంబరు, తీసిన నెల. నోటు పుస్తకంలో ఆ నంబరు పక్కన తీసుకున్న ఇళ్లు. వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. ఉంది. శుభోదయాల కింద పడి కవరు నంబరు కనిపించదు. నంబరు పుస్తకంలో ఉండాలి.

"పిన్నిగారూ, మీరిచ్చిన ఆనప చేదుగా ఉందండీ" అని పొద్దున్నే ఫోనొచ్చిందనుకోండి. "కవరు మీద నంబరెంతమ్మా?" అనే అడగాలి. మొదటి ఫోను అవతలి రేవు గింజలావిడకి. తరువాత తన పన్నెండు ఇళ్లకి: చిన్న ముక్క నాలుక మీద పెట్టి ఉమ్మేయండి, చేదైతే కాయ పారేయండి, ఆ పాదు గింజ దాచకండి. మిగిలిన కవర్లు పొయ్యిలో వేయడం ఆఖరున. అవి ఎక్కడికీ పోవు, ఈలోగా పది ఇళ్లల్లో మధ్యాహ్నం కూరకి కాయ తరిగేస్తూ ఉంటారు.