బెన్ను రాళ్లలోని చౌడు

అందరికీ నమస్కారం.

కర్బనం నిండిన ఉల్కలు భూమ్మీద రాలుతూనే ఉంటాయి కదా, వేల కోట్లు పెట్టి గ్రహశకలం దాకా వెళ్లడం ఎందుకని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1864లో ఫ్రాన్సులో పడిన ఓర్గెయ్ ఉల్కలో సల్ఫేటు లవణాలున్నాయి. జపాన్ వారి హయబుసా-2 నౌక 2020 డిసెంబరులో ర్యుగు అనే గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల మట్టి తెచ్చింది. రసాయనికంగా రెండూ దగ్గర చుట్టాలే, కానీ ర్యుగులో ఆ సల్ఫేట్లు లేవు. అంటే ఓర్గెయ్ సల్ఫేట్లలో చాలావరకు మన గాలి, తేమ చేసిన పనినే చూస్తూ వచ్చామన్నమాట.

అమెరికా నౌక ఒసైరిస్-రెక్స్ 2020 అక్టోబరు 20న బెన్ను అనే గ్రహశకలాన్ని తాకింది. రాళ్ల మధ్య పట్టు ఎంత తక్కువంటే, నమూనా తీసే తల దాదాపు అర మీటరు లోపలికి దిగిపోయింది. రాళ్లు ఇరుక్కుని మూత పడక, నలుసులు జారిపోసాగాయి. నౌకను గిరగిరా తిప్పి నమూనా బరువు తూచాలన్న ఆలోచన మానుకుని, తలను వెంటనే భూమికి తిరిగొచ్చే గుళికలో పెట్టేశారు. నా దృష్టిలో ఈ యాత్రను నిలబెట్టిన నిర్ణయం అదే. 2023 సెప్టెంబరు 24న గుళిక యూటా ఎడారిలో దిగింది. హ్యూస్టన్‌లో నత్రజని నింపిన పెట్టెలో విప్పబోతే 35 బిగింపుల్లో రెండు ఊడిరాలేదు. ఆ పెట్టెలోకి అన్ని పనిముట్లూ వెళ్లకూడదు. కొత్తవి చేయించి విప్పేసరికి 2024 జనవరి. చేతికొచ్చింది 121.6 గ్రాములు, కోరుకున్నది 60.

అంత పొడిగా కాపాడినందుకే ఉప్పు దొరికింది. మన చవిటి నేలల్లో ఎండాకాలం తెల్లగా పైకి తేలే చౌడు తెలుసు కదా, అలాంటి సోడియం కార్బోనేట్లు. వాటితోపాటు ఫాస్ఫేట్లు, క్లోరైడ్లు. నీరు ఇంకిపోతుంటే తక్కువగా కరిగేవి ముందు, బాగా కరిగేవి చివర పేరుకుంటాయి. ఆ వరస బెన్నులో కనిపిస్తోంది. సుమారు 490 మీటర్ల రాళ్లకుప్ప తనంత తాను ఉప్పునీటిని నిలుపుకోలేదు. కాబట్టి ఆ నీరు బెన్నుది కాదు, పగిలిపోయిన దాని తల్లి శకలానిది. రేడియోధార్మిక అల్యూమినియం వేడికి అక్కడి మంచు కరిగి ఉంటుంది.

ఆ తల్లి ఎక్కడ పుట్టింది? నమూనాలో అమ్మోనియా సమృద్ధిగా ఉంది, నత్రజని-15 (కాస్త బరువైన రకం నత్రజని) వాటా ఎక్కువ. అమ్మోనియా మంచుగా గడ్డకట్టేంత చల్లటి చోట, సూర్యుడికి చాలా దూరంలో అన్నమాట. ప్రోటీన్లు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలోని జన్యు అక్షరాలు ఐదూ దొరికాయి. అమైనో ఆమ్లాల్లో అద్దంలో బింబాల్లాంటి కుడి, ఎడమ రూపాలు దాదాపు సమానం. జీవం తయారుచేసినవైతే ఎడమవైపే మొగ్గేవి.

లండన్‌లో ఒక ర్యుగు రేణువుకు గాలి తగిలాక సూక్ష్మజీవులు పట్టి పెరిగాయి. అవి భూమివేనని తేలింది. బెన్ను నమూనాను గాలి తగలకుండా ఉంచుతున్నది ఇందుకే; అందులో కనీసం 70 శాతాన్ని రాబోయే తరాల పరిశోధనల కోసం ముట్టుకోకుండా దాస్తున్నారు.