మచ్చికయ్యే వయసు

శ్రోతలకు నమస్కారం.

కుక్కపిల్లను కొనడానికి వచ్చే వారిలో చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న, దీనికి శిక్షణ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి అని. ఆ పిల్లకు అప్పటికే 50, 60 రోజుల వయసుంటుంది. ఆ రోజుల్లో అది నేర్చుకున్నవీ, నేర్చుకోకుండా ఉండిపోయినవీ దాని జన్మంతా దానితోనే ఉంటాయి. కాబట్టి శిక్షణ మొదలయ్యేది పిల్ల పుట్టిన చోటే, అంటే కుక్కలను పెంచి పిల్లలను అమ్మే బ్రీడరు ఇంట్లోనే. చాలా ఏళ్ళుగా లాబ్రడార్ కుక్కలను పెంచుతున్న మనిషిగా ఆ తొలి వారాల గురించి ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

కుక్కపిల్ల పుట్టినప్పుడు దానికి చూపు ఉండదు, వినికిడి ఉండదు. ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు, తల్లి నాకితే తప్ప మూత్రమైనా పోయలేదు. 10 నుంచి 14 రోజుల మధ్య కళ్ళు తెరుస్తుంది, మరికొద్ది రోజులకు చెవులు వినబడతాయి. ఈ రెండు వారాలూ భారమంతా తల్లిదే. బ్రీడరు చేయవలసిందల్లా రోజూ ప్రతి పిల్లనూ చేతిలోకి తీసుకుని తూకం వేయడం, పాదాలు, చెవులు మెల్లగా తాకడం, క్షణకాలం వెల్లకిలా పట్టుకుని తిరిగి తల్లి పక్కన పెట్టడం. ఇవి మేలు చేస్తాయి కదా అని రెండింతలు, మూడింతలు చేసేవారు ఉన్నారు. అది తప్పు. పసికూనకు చలి, అలసట చాలా తొందరగా తగులుతాయి.

మూడో వారం నిండుతుండగా పిల్ల తూలుతూ నడుస్తుంది, చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. ఇక్కడి నుంచి సుమారు 12 వారాల వయసు దాకా ఉన్న కాలాన్ని శాస్త్రజ్ఞులు సాంఘికీకరణ దశ అంటారు. మనకు అంతకన్నా మంచి మాట ఎప్పటి నుంచో ఉంది, మచ్చిక అని. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే ఊళ్ళో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. అక్కడే జరిగి 1961లో వెలువడిన ఒక అధ్యయనంలో కాకర్ స్పానియల్, బీగిల్ పిల్లలను ఎత్తైన కంచె వేసిన ఆవరణలో, మనిషి స్పర్శ లేకుండా పెంచారు. వాటిలో కొన్నింటిని రెండు వారాల వయసులో, కొన్నింటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల వయసులో, ఒక్కొక్క వారం పాటు మాత్రమే లోపలికి తెచ్చి, మనుషుల మధ్య ఉంచి, తిరిగి ఆవరణలోకి పంపారు. ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య ఆ ఒక్క వారం దొరికిన పిల్లలు మనిషికి బాగా చేరువయ్యాయి. 14 వారాల దాకా మనిషి చేయి ఎరుగని పిల్లలు మాత్రం అడవి జంతువుల్లాగే మిగిలిపోయాయి.

ఈ సంగతి నాకు చదువు కన్నా ముందు నా తప్పే నేర్పింది. ఒకప్పుడు మా వీధిలో కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో అనే అంటువ్యాధి వ్యాపించినప్పుడు, నేను భయపడి ఒక ఈతలోని ఆరు పిల్లలను పెరటి గదిలో పెట్టి, టీకాలన్నీ పూర్తయ్యేవరకు, అంటే దాదాపు నాలుగు నెలలు, నేను తప్ప మరెవరూ ముట్టుకోకుండా పెంచాను. ఒక్కదానికీ జబ్బు రాలేదు. కానీ వాటిలో రెండింటిని కొన్నవారు తెచ్చి తిరిగి అప్పగించారు. ఒకటి కుక్కరు ఈల వినబడితే చాలు, మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి వచ్చేది కాదట. రెండోది గొడుగు పట్టుకుని వచ్చిన పెద్దాయనను చూసి బెదిరి, ఆయన చేతిని కరిచింది. అది పొగరుబోతు కుక్క అన్నారు. దానికి గొడుగు చూపించని దోషం నాది.

పార్వో, దానిలాంటిదే మరో అంటువ్యాధి అయిన డిస్టెంపర్, వీటి ప్రమాదాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొక మోతాదు చొప్పున 16 వారాల దాకా సాగుతాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, ఆ రక్షణ ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు, అందుకే అన్ని మోతాదులు. అయితే మచ్చికయ్యే వయసు ఆ టీకాల కోసం ఆగదు. జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం ఒకటి 2008లోనే, మొదటి టీకా వేసిన వారం తరువాత శుభ్రమైన చోట పిల్లను కొత్త మనుషులకూ ఆరోగ్యంగా ఉన్న కుక్కలకూ పరిచయం చేయవచ్చని చెప్పింది. మూడేళ్ళ లోపు కుక్కల మరణాలకు అంటువ్యాధుల కన్నా ప్రవర్తన దోషాలే పెద్ద కారణమని కూడా ఆ సంఘం చెప్పింది. మన వీధుల్లో దీనికి నేను పాటించే ఉపాయం చాలా చిన్నది. పిల్లను నేల మీద దింపకుండా, చంకనెత్తుకుని రోజూ కాసేపు గేటు దగ్గర నిలబడతాను. ఆటో, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్ర పట్టుకున్న అవ్వ, అరుస్తూ పరుగెత్తే బడి పిల్లలు, కూరగాయల బండివాడి కేక, అన్నీ అక్కడే దొరుకుతాయి.

ఇంట్లో కూడా ఇదే పద్ధతి. మిక్సీ చప్పుడు మొదటిసారి పక్క గదిలోంచి వినబడాలి, అప్పుడు పిల్లల ముందు పళ్ళెంలో తిండి ఉండాలి. టపాకాయల శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి, వినీవినబడనంత మెల్లగా మొదలుపెట్టి కొన్ని వారాలపాటు పెంచుకుంటూ పోతే, దీపావళి నాటికి పిల్ల తట్టుకుంటుంది. కాళ్ళ కింద నున్నని గచ్చు, ఇసుక, గడ్డి, గోనెపట్టా, కదిలే చెక్కపలక వంతులవారీగా తగలాలి. పిల్ల భయపడి వెనక్కి తగ్గితే ముందుకు తోయకూడదు, ఎత్తుకుని గారాబమూ చేయకూడదు. తనంతట తాను తిరిగి వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. ఆ తిరిగి రావడమే అసలు పాఠం.

మూడో వారం దాటాక పిల్లలు పడుకునే చోటు విడిచి పక్కకు పోయి మలమూత్రాలు విసర్జించాలని చూస్తాయి. ఒక పక్క పరుపు, కొంచెం దూరంలో గడ్డి లేక ఇసుక పరిచిన చోటు ఉంటే ఆ అలవాటు దానంతట అదే స్థిరపడుతుంది. ఇరుకు బోనులో తన మురికిలోనే పడుకుని పెరిగిన పిల్లకు శుభ్రత నేర్పడం చాలా కష్టం.

నెల తిరిగేసరికి పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. ఆటలో గట్టిగా కొరికితే తోబుట్టువు కీచుమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. ఎంత కొరకవచ్చో, ఎక్కడ ఆపాలో పిల్లకు ఇలా తెలుస్తుంది. నెల పిల్లను తెచ్చుకుంటేనే మచ్చికవుతుందనే నమ్మకం మనలో బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని 30, 35 రోజులకే పిల్లలను అమ్మేస్తున్నారు. బార్ హార్బర్‌లో ఏడు, తొమ్మిది వారాల పిల్లలు కూడా మనిషికి చేరువయ్యాయని ఇందాక చెప్పాను. తోబుట్టువుల దగ్గర నేర్వవలసిన పాఠం మాత్రం ఒంటరి పిల్లకు మళ్ళీ దొరకదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నియమాలు కూడా చెబుతున్నాయి. కొనేవారు వయసు అడగాలి, తల్లిని చూపించమని అడగాలి, పిల్లలు ఏ గదిలో పెరిగాయో చూడాలి. చూపించనన్న చోట కొనవద్దని నా మనవి.

పిల్లను అప్పగించడానికి వారం ముందు నుంచి నేను ఒక పాత తువ్వాలును తల్లి పక్కలో ఉంచుతాను. అప్పగించే రోజున ఆ తువ్వాలునూ, పిల్ల అప్పటివరకు తిన్న తిండిలో వారానికి సరిపడా పొట్లాన్నీ, టీకాల కార్డునూ కలిపి ఇస్తాను. మొదటి రెండు మూడు రాత్రులు పిల్లను వరండాలో కట్టేయవద్దనీ, మనుషులు పడుకునే గదిలోనే ఆ తువ్వాలు పరిచి, చేయి చాస్తే అందేంత దగ్గరలో పడుకోబెట్టమనీ చెబుతాను.