యాప్‌కు హీబ్రూ చదవడం నేర్పేదెలా?

నమస్కారం. మీ యాప్‌లో అనువాదం ఉంది, చదివి వినిపించే సదుపాయమూ ఉంది. ఇక హీబ్రూ చేర్చడమంటే భాషల జాబితాలో ఒక వరుస కలపడమే అనుకునేవాళ్లు చాలామంది. కలుపుతారు. కొన్నాళ్లకు ‘ఉచ్చారణ తప్పు’ అని ఫిర్యాదులు మొదలవుతాయి. వెంటనే గొంతు మారుస్తారు, ఇంకా ఖరీదైనది తెస్తారు. అవే తప్పులు ఇంకాస్త మధురంగా వినిపిస్తాయి! ఇది చూసి చూసి విసుగెత్తి ఈ వీడియో చేస్తున్నాను. గొంతు దాకా రాకముందే, చదవడంలోనే తప్పు జరిగిపోతోంది.

[తెరపై: కూలికి కాలు విరిగింది]

ఈ వాక్యంలో గుణింతపు గుర్తులన్నీ చెరిపేద్దాం.

[తెరపై: కలక కల వరగంద]

ఇప్పుడు చదవండి. ఆ ‘కల’ కాలా, కోలా, కీలా, నిజంగా కలేనా? అక్షరాలు చెప్పవు. పక్కనున్న ‘వరగంద’ కొంత చెబుతుంది: కలలు చెదురుతాయి గానీ విరగవు. అయితే కోల కూడా విరుగుతుంది మరి! అందుకే ముందున్న ‘కలక’ కూడా కావాలి. అందులో కూలి ఉన్నాడని పోల్చుకుంటే గానీ కాలు తేలదు.

హీబ్రూ పత్రికలు, ఫోను సందేశాలు రోజూ ఇలాగే ఉంటాయి. 22 అక్షరాలు, అన్నీ హల్లులే. వాటిలో కొన్ని అక్కడక్కడ అచ్చును సూచిస్తాయి, అంతే. అచ్చుల గుర్తులు లేకపోలేదు. వాటిని నిక్కుద్ అంటారు. కానీ అవి పిల్లల పుస్తకాల్లో, కవిత్వంలో, ప్రార్థన పుస్తకాల్లో తప్ప పెద్దగా కనబడవు. సామెక్, పే, రేష్ అనే మూడు అక్షరాలు తీసుకోండి. ‘సేఫెర్’ అని చదివితే పుస్తకం, ‘సపార్’ అంటే క్షురకుడు, ‘సఫార్’ అంటే లెక్కపెట్టాడు. పే అక్షరాన్ని ‘ప’ అనాలో ‘ఫ’ అనాలో చెప్పే చుక్క కూడా రాతలో ఉండదు.

కాబట్టి యంత్రం ముందు గుణింతాలు తిరిగి పెట్టుకోవాలి, తర్వాతే పలకాలి. ఫోనులో రాతను చదివి వినిపించే ఇంజిన్లు ఆ పని తమలో తాము చేసుకుంటాయి, వాక్యం మొత్తం అందితే! మనమేమో మాట మీద వేలు పెడితే ఆ ఒక్క మాటే వినిపించే సదుపాయం పెడతాం. అంటే ఇంజిన్ చేతికి ఒంటరి ‘కల’ ఇచ్చి, కాలు అని చదవలేదేమని అడుగుతాం. ఏ గొంతు మాత్రం ఏం చేస్తుంది?

దీనికి దారి ఉంది. ముందు వాక్యం మొత్తానికి నిక్కుద్ పెట్టించండి. ఇజ్రాయెల్‌లోని దిక్తా సంస్థ చేసిన నక్దాన్ ఈ పనికే పుట్టింది. నక్దిమోన్ అనే ఓపెన్ సోర్స్ పరికరమూ ఉంది. ఆ తర్వాత వేలు పెట్టిన మాటను గుర్తులతో సహా విడదీసి గొంతుకు పంపండి. మీరు ఎంచుకున్న ఇంజిన్ ఆ గుర్తులను గౌరవిస్తోందో లేదో విని చూసుకోండి.

ఇక్కడ నన్ను ఎక్కువగా చిరాకు పెట్టేది ‘శుభ్రం చేసే’ ఫంక్షన్. వెతకడానికి వీలుగా ఎవరో నిక్కుద్ మొత్తం తుడిచేస్తారు. తుడిచిన ఆ పాఠాన్నే గొంతుకూ పంపేస్తారు. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఈ గుర్తులు అక్షరానికి అతుక్కుని ఉండే వేరే కోడ్‌పాయింట్లు, అంటే విడి సంఖ్యలు కాబట్టి తుడవడం మహా సులువు, తిరిగి తేవడమే కష్టం. వెతకడానికి ఒక ప్రతి, పలకడానికి ఒక ప్రతి దాచుకోండి.

గుణింతాలన్నీ పెట్టినా తీరని చిక్కు ఒకటి ఉంది. ‘బిరా’ అనే మాటకు మొదటి అక్షరాన్ని ఊనితే బీరు, చివరి అక్షరాన్ని ఊనితే రాజధాని. నిక్కుద్ రెండింటికీ ఒకటే. అక్కడ మళ్లీ వాక్యమే దిక్కు.

అంకెలు కూడా అంతే. పక్క నామవాచకపు లింగాన్ని బట్టి వాటి ఉచ్చారణ మారుతుంది. మూడు పుస్తకాలైతే ‘ష్లోషా’, ముగ్గురమ్మాయిలైతే ‘షలోష్’. అంకెను పక్కనున్న నామవాచకం నుంచి విడదీసి పంపకండి.

సమయం మించిపోతోంది, మిగతావి చకచకా చెప్పేస్తాను. ప్రోగ్రాముల్లో హీబ్రూను సూచించే రెండక్షరాల కోడ్ ఒకప్పుడు ఐడబ్ల్యూ (iw); 1989లో హెచ్ఈ (he) అయింది. జావా ప్రోగ్రామింగ్ భాష 17వ వెర్షన్ వచ్చేదాకా పాతదాన్నే పట్టుకుని వేలాడింది, ఆండ్రాయిడ్ రిసోర్స్ ఫోల్డర్లలో అది ఇప్పటికీ కనబడుతుంది. పోల్చేటప్పుడు రెంటినీ ఒకటిగా చూడండి. ఆండ్రాయిడ్‌లో ‘ఈ భాష లేదు’, ‘డేటా దిగలేదు’ అనేవి వేర్వేరు జవాబులు. రెండోది వస్తే దించుకోమని అడగండి, మీట మాయం చేయకండి.

తెర కుడి నుంచి ఎడమకు తిరగాలి, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. వాక్యం మధ్యలో వేరే లిపి పేరో ఫోను నంబరో వస్తే దాన్ని చుట్టూ ఉన్న రాత నుంచి వేరుగా ఉంచే యూనికోడ్ 2068, 2069 గుర్తుల మధ్య పెట్టండి, చెల్లాచెదురు కాదు.

అనువాదానికి గూగుల్ ఇచ్చే ఎంఎల్ కిట్ అనే పరికరం తీసుకుంటే నెట్ లేకుండానే ఫోనులో నడుస్తుంది. ఒక్కో భాషకు దాదాపు 30 ఎంబీ. కానీ రెండు భాషల మధ్య ఇంగ్లీషు మీదుగా వెళుతుంది. ‘నువ్వు’ అనడానికి అరబిక్‌లో ఆడవారికొకటి, మగవారికొకటి ఉంది, హీబ్రూలోనూ ఉంది, మధ్యలో ఇంగ్లీషు ఆ తేడాను మింగేస్తుంది. తెలుగు ‘నువ్వు’లో ఆ తేడా అసలు లేనే లేదు. ఎవరితో మాట్లాడుతున్నారో అడిగే చిన్న మీట పెట్టండి, చాలు.

చివరిగా, హీబ్రూ సంక్షిప్త నామాల్లో ఆఖరి అక్షరానికి ముందు ఒక జంట గీత ఉంటుంది. దానికి వేరే గుర్తున్నా చాలామంది మామూలు కోట్ గుర్తే కొడతారు. మాటలను కోట్ గుర్తుల మధ్య పెట్టి డేటా పంపే జేసన్‌ను (JSON) చేత్తో అతికించే కోడు మీ యాప్‌లో ఎక్కడైనా ఉంటే ముందే వెతికి పట్టుకోండి. లేకపోతే మొదటి సంక్షిప్త నామానికే అది విరిగి పడుతుంది.